పరకాల వైపు దొరికిన పాత అతుకుల బొంత: ఏ తీరుది, ఎప్పటిది?

పరకాల_పెట్టె:
పరకాల దగ్గరి పల్లెలో పాత ఇల్లు విప్పుతుంటే అటక మీది పెట్టెలో ఒక బొంత దొరికింది. దీని తీరు ఏమిటో, సుమారు ఎప్పటిదో తెలిసినవాళ్లు చెప్పండి.

పొడవు 76 అంగుళాలు, వెడల్పు 52. తూకం 2 కిలోల 100 గ్రాములు. పైన 24 గళ్లున్నాయి, పొడవున 6, అడ్డంగా 4. గడి ఒక్కోటి దాదాపు 11 అంగుళాలు. ప్రతి గడి నడిమధ్య 2 అంగుళాల ఎర్ర చదరం. దాని చుట్టూ అంగుళంన్నర పట్టీలు, నాలుగు దిక్కులా మూడేసి. పైకీ కిందికీ వచ్చే పట్టీలు లేత రంగువి, ఎడమకూ కుడికీ వచ్చేవి ముదురువి. అన్నింటి చుట్టూ నీలం అంచుపట్టీ, తల-కాళ్ల వైపు 5 అంగుళాలు, పక్కలకు 4. వెనకాల పాత నూలు చీర. అంతా చేతికుట్టే, రెండుమూడు చోట్ల మాత్రం మిషన్ కుట్టు ఉంది.

నల్ల పట్టీలు ముట్టుకుంటే పొడిగా రాలుతున్నాయి. వాటి పక్కనే ఉన్న పసుపు, తెలుపు గట్టిగానే ఉన్నాయి. ఉతకొచ్చా?

కరీంనగర్_కత్తెర:
ముందు పేరు సంగతి. నడుమ చదరం పెట్టి చుట్టూ పట్టీలు పేర్చే తీరును అమెరికా బొంతలవాళ్లు లాగ్ కాబిన్ అంటారు. అక్కడ 1860ల నుంచి బాగా వాడుకలో ఉంది. అందులో పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి గుండ్రంగా తిరుగుతూ వస్తాయి, గడిని మూలవాటుగా కోస్తే ఒక సగం లేత, ఒక సగం ముదురు. మీరు చెప్పింది అట్ల లేదు. ఎదురెదురు పక్కలకు ఒకే రంగు జతగా వస్తే దాన్ని కోర్ట్‌హౌస్ స్టెప్స్ అంటారు. లాగ్ కాబిన్‌లోనే ఒక రకం. ఎర్ర నడిమి చదరం కూడా అందులో బాగా అలవాటైన సంగతే.

హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ (క్రైస్తవ మత సంస్థ) 19వ శతాబ్దం చివరి నుంచి ఉంది. అక్కడి ఆడవాళ్ల దగ్గర నేర్చుకుని కుట్టి ఉంటారని నా అంచనా.

సూదీ_దబ్బనం:
కత్తెర తమ్ముడూ, పై ముఖం ఒక్కటి చూసి పేరు పెడితే ఎలా? చదరం చుట్టూ పట్టీలు పేర్చడం ఎక్కడైనా తోచే పనే. చీర అంచులు చింపితే చేతికొచ్చేవి పట్టీలే, వాటిని ఒక ముక్క చుట్టూ పేర్చడానికి ఎవరూ నేర్పక్కర్లేదు. బొంత తీరు తేలేది అది కూడిన వరుసలో. ముందు ఏది కుట్టారు, తర్వాత ఏది కుట్టారు అన్నది చూడాలి.

అమెరికా పద్ధతిలో పట్టీని బోర్లా పెట్టి, అంచు వెంబడి కుట్టి, తిప్పి అణుస్తారు. కుట్టు లోపల దాగిపోతుంది, పైకి కనబడదు. ఒక్కో గడి విడిగా తయారవుతుంది, తర్వాత గళ్లన్నీ కలుపుతారు, చివర్లో అస్తరు వేస్తారు. మన బొంతకు అడుగు పొరలు ముందే పరుస్తారు. పట్టీ అంచు పావు అంగుళం లోపలికి మడిచి, పై నుంచే దబ్బనంతో అన్ని పొరలూ కలిపి దూస్తారు. అందుకే పట్టీ మడత పక్కనే కుట్లు పైకి కనిపిస్తాయి, అవే కుట్లు వెనక చీర మీదా కనిపిస్తాయి.

కాబట్టి పెట్టె గారూ, ఒక పట్టీ అంచు దగ్గర గుండుసూది నిలువుగా వెనకదాకా గుచ్చి చూడండి. ముందూ వెనకా కుట్టు వరుస అదే చోట ఉందా? తర్వాత వెనక వైపు ఒక కుట్టు వరుస మీద వేలు పెట్టి, మూల తిరిగిందాకా పొండి. ఆ వరుస తిరిగి మొదలైన చోటికే వచ్చి మూసుకుంటుందా, లేక ఒక అర అంగుళం లోపలికి జరిగి మళ్లీ చుట్టు తిరుగుతుందా? 24 గళ్లనూ విడివిడిగా కొలవండి. "దాదాపు 11" అంటే పనికిరాదు.

బోధన్_గోదడి:
మా వైపు గోదడి అంటరు. మరాఠ్వాడా దిక్కు కూడా అదే పేరు. కుట్టుడు ఒక అంచు నుంచి మొదలువెట్టి లోపటికి తిరుక్కుంట పోతది. ఉత్తర కన్నడ జిల్లాల ఆఫ్రికా మూలాలున్న సిద్ది ఆడవాళ్లు కుట్టే కవంది అనే బొంతల గూడ గదే తీరు, కని వాళ్ల దాంట్ల నాలుగు మూలలకు మడత త్రికోణాలు పొరలుపొరలుగ కుట్టి పెడ్తరు. మూలలు చూడుండ్రి, అట్లాంటివి ఏమన్న ఉన్నయా?

పరకాల_పెట్టె:
మూలల్లో మడతలు ఏమీ లేవు, అంచుపట్టీ మామూలుగా మూలకు అతికారు.

గుండుసూది గుచ్చాను. ముందు, వెనక కుట్టు ఒకే చోట ఉంది. వెనక వరుస వెంట వేలు పెట్టి పోతే మూసుకోవడం లేదు. తిరిగి వచ్చేసరికి అర అంగుళం లోపలికి జరిగి మళ్లీ చుట్టు మొదలవుతోంది. లాంతరు వెలుగులో నాలుగు చుట్లు పట్టుకోగలిగాను, తర్వాత దారం చిక్కుపడ్డట్టు కనిపించింది.

గళ్ల కొలతలు: అడ్డంగా 11, 10½, 11½, 11. పొడవున తల వైపు నుంచి 11, 11¼, 9½, 12, 11¼, 11. మూడో వరుస మొత్తం 9½కి కుదించుకుంది. అక్కడ ఎర్ర చదరం కూడా రెండు గళ్లలో ముక్కలతో అతికినట్టుంది.

సూదీ_దబ్బనం:
సంగతి తేలిపోయింది. విడిగా తయారుచేసి కలిపిన గళ్లైతే ఒక వరుస మాత్రమే ఒకటిన్నర అంగుళం తగ్గదు. గడి గడికీ కాస్త తేడా ఉండొచ్చు గానీ వరుసంతా కుదించుకుపోదు. ఇది బయటి నుంచి లోపలికి వచ్చిన బొంత. అంచుపట్టీ ముందు పడింది, తర్వాత రెండు చివరల నుంచీ గళ్లు వేసుకుంటూ వచ్చారు. కలిసే చోట మిగిలింది 9½ అంగుళాలే. ఆ జాగాలో సరిపెట్టడానికి ఎర్ర చదరాన్ని కోసి, ముక్కలతో అతికారు. తలవైపు నుంచి మూడో వరుసే పూడ్చిన వరుస. కింద మూడు వరుసలు, పైన రెండు వేసి, ఆ సందును చివర్న మూసి ఉంటారు.

కుట్లు లెక్కబెట్టి చూడండి. తల వైపు అంగుళానికి ఎన్ని, కాళ్ల వైపు ఎన్ని? పల్లెల్లో బొంతకు ఇద్దరు ఎదురెదురుగా కూర్చోవడం మామూలే. చేయి మారితే లెక్క మారుతుంది.

కరీంనగర్_కత్తెర:
కూడిన పద్ధతి మనదే, ఒప్పుకున్నాను. ముఖం మీది అమరిక మాత్రం కోర్ట్‌హౌస్ స్టెప్స్ అనే అంటాను, రంగులు జతగా పడటం ఊరికే జరగదు. పద్ధతి ఒకచోటిది, నమూనా ఒకచోటిది కావొచ్చు.

సూదీ_దబ్బనం:
కావొచ్చు. అలాగని బాప్టిస్టు మిషన్ వాళ్లే నేర్పారని రాయొద్దు, దానికి ఆధారం లేదు. చీర రెండు అంచులూ ఒకే రంగు ఉంటాయి కదా. వాటిని చింపి ఎదురెదురుగా పెడితే జత తానే పడుతుంది. లేత పట్టీలు ఏ గుడ్డలో, ముదురువి ఏ గుడ్డలో చూస్తే ఇది తెలుస్తుంది.

కొత్తవాడ_మగ్గం:
బరువు ఇచ్చిండ్రు గద, పొరలు లెక్క పెట్టొచ్చు. 76 అంగుళాలంటే 1.93 మీటర్లు, 52 అంటే 1.32. చదరం 2.55 మీటర్లు. 2100 గ్రాములను దాంతోని భాగిస్తే చదరపు మీటరుకు 820 చిల్లర. నూలు చీర, సన్న పంచె చదరపు మీటరుకు 90 నుంచి 120 గ్రాములుంటది. అంటే ఏడెనిమిది పొరలు. దూది లేదు. దూది ఉంటే గింత పల్చగ ఉండదు, చేత్తోని పిసికితే ఉండలు తగుల్తయి.

ఇంకో మాట. వెనకాల "పాత చీర" అన్నరు. 52 అంగుళాల వెడల్పుకు ఒక చీర సరిపోదు. మగ్గం చీర పన్న (వెడల్పు) 45, 47, మహా అంటే 48. ఎక్కడో అతుకు ఉండాలె, చూడుండ్రి. అతుకు దగ్గర చీర అంచు కలిసి ఉంటే దాని నేత ఏదో చెప్పొచ్చు.

పరకాల_పెట్టె:
మగ్గం గారూ, నిజమే. ఎడమ పక్క నుంచి 6 అంగుళాల దగ్గర నిలువు అతుకు ఉంది, ఇంతసేపూ చీర మడత అనుకున్నాను. అతుకులో చీర అంచు చిక్కింది. ఎర్ర అంచు, దాని లోపలి చివర కోణాలు కోణాలుగా గుడి గోపురం వరుసలా ఉంది. చీర ఒంటి మీద సన్న గళ్లు.

కుట్లు: తల వైపు అంగుళానికి 5, కాళ్ల వైపు 3. మూడో వరుస దగ్గర రెండూ కలిసిపోయాయి.

లేత పట్టీలు రకరకాల గుడ్డలు. ముదురు పట్టీలు మాత్రం ఎక్కువ భాగం ఒకే నల్లటి గుడ్డవి, కొన్ని ముదురు ఎరుపు.

కొత్తవాడ_మగ్గం:
గుడి అంచు, సన్న గళ్లు అంటే నారాయణపేట తీరు. కని ఆ అంచు వేరే ఊళ్ల మగ్గాల మీద గూడ నేసిండ్రు, అంచు ఒక్కటే చూసి ఊరు రాయొద్దు.

రంగు_నీళ్లు:
నల్ల పట్టీలే రాలుతున్నాయంటే రంగు సంగతి అది. పాత నల్ల రంగు చాలా వరకు ఇనుము మీద ఆధారపడేది. ఇనుప తుప్పును బెల్లపు నీళ్లలో పులియబెట్టి, కరక్కాయ కషాయం పట్టించిన గుడ్డ మీద వేస్తే నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్‌తో ఇనుము కలిసి నలుపు ఇస్తుంది. నూలులో మిగిలిన ఆ ఇనుమే తర్వాత తేమకూ గాలికీ నూలు పోగును విరగ్గొడుతుంది. అందుకే ఒకే బొంతలో పసుపు, తెలుపు గట్టిగా ఉండి, నలుపు ఒక్కటే పొడి అవుతుంది. ఎండ పడిందనో, చెదలు పట్టాయనో అనుకోవద్దు. చెద తింటే రంగు చూసి తినదు కదా. చిరుగు అంచు కూడా వేరుగా ఉంటుంది. ఇనుము తిన్న గుడ్డలో పోగులు చిట్లి, చూర్ణమై రాలుతాయి. పురుగు కొరికితే తునకలై ఊడుతుంది, చుట్టూ ఉన్న పోగు బలం తగ్గదు.

దీనివల్ల ఒక నిర్ణయం: ఉతకొద్దు. నీళ్లలో పెడితే నల్లటి పట్టీలు ముద్దై పోతాయి, ఆ ఇనుము పక్క పట్టీలకు అంటుకుంటుంది. ఎర్ర చదరాలు ఎలాంటివో కూడా తెలియదు. తెల్ల నూలు గుడ్డను తడిపి పిండి, చెమ్మగా ఉండగా ఒక మూల ఎర్ర చదరం మీద పెట్టి, ఒక నిమిషం వేలితో అదమండి. గుడ్డకు ఎరుపు దిగితే నీళ్ల మాటే వద్దు. దిగకపోయినా వద్దు, నలుపు ఉంది కాబట్టి. ఇది చూడటం ఆ ఎరుపు ఏ రంగో ఊహించడానికి పనికొస్తుంది, అంతే.

బోధన్_గోదడి:
వాసనకు ఎండల పెట్టుడు గూడ వద్దా?

రంగు_నీళ్లు:
నీడలో, గాలి ఆడే గదిలో నులక మంచం మీద శుభ్రమైన దుప్పటి పరచి, దాని మీద ఆరబెట్టండి. ఎండలో ఎరుపు వెలిసిపోతుంది, నలుపు ఇంకా పెళుసవుతుంది. దండెం మీద అసలు వేయొద్దు. రెండు కిలోల బరువంతా ఒక్క మడత మీద పడితే ఆ మడతలో ఉన్న నల్ల పట్టీలు అక్కడే తెగుతాయి.

సూదీ_దబ్బనం:
ఇక వయసు. బొంత వయసు అందులోని అన్నింటికన్నా కొత్త గుడ్డ వయసు. ఎర్ర చదరం అరవై ఏళ్ల పాతది కావొచ్చు, నడి పొరలో మొన్నటి గుడ్డ ఉంటే బొంత మొన్నటిదే. అతుకు వయసు వేరు, బొంత వయసు వేరు. అందరూ పై ముఖంలో పాతగా కనిపించే ముక్క పట్టుకుని లెక్క కడతారు, తప్పు అక్కడే.

పెట్టె గారూ, చిరుగులోంచి కనిపించే లోపలి తెల్ల గుడ్డను కదపకుండా టార్చి వేసి చూడండి. మిల్లు గుడ్డ అయితే అచ్చు ఉండొచ్చు.

పాలిస్టర్ ఉందా అన్నదీ ముఖ్యం. పాలిస్టర్ చీర మన పల్లెలో 1960లకు ముందు దొరకదు. అతుకు మడత లోపలి నుంచి ఒక్క పోగు తీసి కాల్చండి. నూలైతే కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద. పాలిస్టర్ అయితే కరిగి, నల్లటి గట్టి పూస అవుతుంది, పొగ నల్లగా వస్తుంది. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన. రేయాన్ నూలులాగే కాలుతుంది, కాల్చి తేడా పట్టుకోలేరు. దానికి వేరే పరీక్ష ఉంది. ఒక పోగు తడిపి లాగండి. రేయాన్ తడిస్తే బలహీనపడి చప్పున తెగుతుంది, నూలు తెగదు. నల్ల పట్టీ పోగుతో ఇది చేయొద్దు, అది పొడిగానే తెగుతుంది.

పరకాల_పెట్టె:
టార్చి వేశాను. లోపలి గుడ్డ కోరా గుడ్డ (చలువ చేయని మిల్లు గుడ్డ). ఊదా సిరాతో అచ్చు కొంత కనిపించింది. ఒక చోట "న.పై." అన్నట్టుంది, దాని ముందు అంకె చెరిగిపోయింది. మిల్లు పేరు తెలియడం లేదు.

పోగు కాల్చాను: లేత పట్టీల నుంచి తీసినవి కాగితం వాసన. కాళ్ల వైపు చివరి గడిలో ఒక పువ్వుల ముక్క మాత్రం పూస అయింది.

ఇంకోటి. రెండో వరుస, మూడో గడి, లేత పట్టీలో మూడు అంగుళాల ఎత్తు బొమ్మ ఉంది. తల మీద కుండ పెట్టుకున్న స్త్రీ లాగ. బొమ్మ సగం మడతలోకి పోయింది.

కొత్తవాడ_మగ్గం:
గొల్లభామ! సిద్దిపేట నేత. ఆ పట్టీ వెనక పోగులు కనిపించే చోటు ఏదన్న చిరిగి ఉంటే చూడుండ్రి. అచ్చు వేసిన బొమ్మ అయితే వెనక రంగు మసకగ ఉంటది. నేతలో వేసిన బొమ్మ అయితే వెనక అడ్డపోగు తేలి, బొమ్మ పక్కన కత్తిరించి ఉంటది. ముట్టుకుంటే బొమ్మ ఉబ్బి తగులుతది.

ఆ పట్టీ పెట్టిన చేయి బొమ్మ సూసి పెట్టలేదు, బొమ్మ సగం మడతలకు పోయింది గద. చీర చింపినప్పుడు వచ్చిన పట్టీ వచ్చినట్టు వేసిండ్రు.

కరీంనగర్_కత్తెర:
"న.పై." దొరకడం మంచి సంగతి. నయా పైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. 1964లో "నయా" తీసేశారు. ధర నయా పైసల్లో అచ్చయిందంటే ఆ కోరా గుడ్డ మిల్లు నుంచి వచ్చింది ఈ నడిమి కాలంలో. అణాల్లో ఉంటే ఇంకా ముందుది అనేవాళ్లం. ఆ గుడ్డ ఆజం జాహీ మిల్లుదా అన్నది అచ్చు పూర్తిగా కనబడితే గానీ చెప్పలేం. ఆ మిల్లు 1934లో మొదలైంది, వరంగల్ చుట్టూ దాని గుడ్డ ఇంటింటా ఉండేది. ఊహకు అది చాలు, రాతకు చాలదు.

సూదీ_దబ్బనం:
కోరా గుడ్డ అచ్చు మిగిలి ఉందంటే ఆ పొరను ఉతక్కుండానే లోపల వేశారు. బొంత మొదటిసారి ఉతికినప్పుడు కోరా ముడుచుకుంటుంది. పై పొర పాత చీరలు, అవి ఎన్నోసార్లు ఉతికినవే కాబట్టి ముడవవు. పైనున్నది నిలిచి, నడిమిది కుదించుకుంటే కుట్టు కుట్టుకు మధ్య పై గుడ్డ ఉబ్బుతుంది. పెట్టె గారూ, బొంత అంతటా కుట్ల మధ్య చిన్న చిన్న ముడతలు ఉండాలి. ఉంటే ఆ పొర మొదటి నుంచీ లోపల ఉన్నదే, తర్వాత ఎవరో చొప్పించింది కాదు. వయసు కట్టడానికి ఇది ముఖ్యం.

పాలిస్టర్ ముక్క గురించి: దాని మీంచి అసలు కుట్టు వరుస పోతోందా, లేక వరుస దాని కింద ఉండి, ముక్క పైన విడిగా కుట్టి ఉందా? వేళ్లతో ఒత్తి చూడండి. కింద వరుస గట్లు తగిలితే అది తర్వాతి మరమ్మతు.

పరకాల_పెట్టె:
ముడతలు ఉన్నాయి, అంతటా. అచ్చంగా కుట్టు నుంచి కుట్టు దాకా.

పాలిస్టర్ ముక్క కింద గట్లు తగులుతున్నాయి. చుట్టూ మిషన్ కుట్టు. ముందు చెప్పిన మిషన్ కుట్లు అన్నీ ఇలాంటి మాటుల మీదే ఉన్నాయి.

సూదీ_దబ్బనం:
అయితే అది లెక్కలోకి రాదు, పక్కన పెట్టండి. బొంత కుట్టింది 1957 తర్వాతే. పైగా కోరా గుడ్డ కొత్తగా ఉండగానే లోపల వేశారు కాబట్టి, గుడ్డ కొన్న కాలానికీ బొంత కుట్టిన కాలానికీ పెద్ద దూరం ఉండకపోవచ్చు. 1957 నుంచి 1960ల చివరిదాకా అని రాయొచ్చు. మాటు తర్వాతిది. నల్ల పట్టీలు, గొల్లభామ ముక్క అంతకంటే పాత చీరలవి.

బోధన్_గోదడి:
మరి బాప్టిస్టు మిషన్ ఆడవాళ్లు నేర్పిన కథ పాయె!

కరీంనగర్_కత్తెర:
పోలేదు, ఆధారం లేదు అంతే. నమూనా పేరు ఉంచుతాను.

రంగు_నీళ్లు:
పెట్టే చోటు సంగతి. ముందు పురుగు మాట తేల్చాలి. బొంతను పాలిథిన్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీలు గానీ అంతకన్నా చల్లగా గానీ ఉండే డీప్ ఫ్రీజర్‌లో కనీసం రెండు వారాలు ఉంచండి. ఇంట్లో ఫ్రిజ్ ఐసు అర చాలదు. బయటికి తీశాక సంచి విప్పకుండా ఒక రోజు ఆగాలి, లేకపోతే గాలిలోని తేమ చల్లటి గుడ్డ మీద నీళ్లై దిగుతుంది.

తర్వాత దుమ్ము. వాక్యూమ్ గొట్టం మూతికి దోమతెర గుడ్డ కట్టి, గొట్టం బొంతకు ఆనకుండా, తక్కువ పీల్పుతో తీయండి. నల్ల పట్టీల దగ్గరికి మాత్రం గొట్టం పోనివ్వొద్దు, పట్టీలోంచి పొడి లేచిపోతుంది.

రాలే పట్టీలను ఆపాలంటే సన్నటి నైలాన్ నెట్ గుడ్డ పట్టీకి నాలుగు వైపులా అర అంగుళం పెద్దదిగా కోసి, పైన పరచి, పక్కనున్న గట్టి గుడ్డకు సన్న సూదితో కుట్టండి. నల్ల గుడ్డలోకి సూది దిగకూడదు. దిగితే సూది గుచ్చిన చోటు నుంచే చీలుతుంది. జిగురు, ఫెవికాల్, వెనక ఇస్త్రీతో అంటించే గుడ్డ ఏవీ వద్దు. అంటించినవి మళ్లీ తీసేటప్పుడు మిగిలింది కూడా పోతుంది.

దాచేటప్పుడు మడవకండి. లావాటి అట్ట గొట్టానికి ఉతికిన తెల్ల నూలు గుడ్డ చుట్టి, దాని మీద బొంతను ముఖం బయటికి ఉండేలా చుట్టండి. నాఫ్తలీన్ ఉండలు, వేపాకు గుడ్డకు తగిలితే మరక పడుతుంది, వద్దు. ఇనుప పెట్టెలో పెట్టేట్టుంటే పెట్టె అడుగున మందపాటి నూలు దుప్పటి వేయండి. తుప్పు నలుపుకు ఇంకా ఇనుము ఇస్తుంది.

పరకాల_పెట్టె:
వివరపత్రంలో ఇలా రాస్తున్నాను, తప్పుంటే దిద్దండి: "అతుకుల బొంత, చుట్టు కుట్టు, బయటి నుంచి లోపలికి. ఏడెనిమిది నూలు పొరలు, దూది లేదు. రెండు చేతులు: అంగుళానికి 5, అంగుళానికి 3. తలవైపు నుంచి మూడో వరుస చివర్న పూడ్చింది. ముఖం మీది అమరిక ఎదురు పట్టీలది. వెనక చీర గుడి అంచు, నిలువు అతుకు ఎడమ నుంచి 6 అంగుళాల దగ్గర. లోపలి కోరా గుడ్డ మీద నయా పైసల అచ్చు. కుట్టింది 1957 తర్వాత. మాటులు తర్వాతివి."

కొత్తవాడ_మగ్గం:
గొల్లభామ పట్టీ సంగతి వదిలేసిండ్రు. రెండో వరుస, మూడో గడి, లేత పట్టీ అని రాయుండ్రి. బొమ్మ పక్కన తేలిన పోగు దొరికినంకనే "సిద్దిపేట నేత" అని కలుపుండ్రి. అప్పటిదాక "కుండ మోసే స్త్రీ బొమ్మ" అంటే చాలు.